సముద్ర పరిమళాలు

సముద్రపు గాలిని, అలల తుంపరను, తీరప్రాంతపు చల్లదనాన్ని తలపించేటట్లు కూర్చిన పరిమళ ద్రవ్యాలను సముద్ర పరిమళాలు అంటారు. ఆధునిక పరిమళ కళలో ఇది వయసులో చిన్న వర్గం. 1980 దశకం చివర రూపుదిద్దుకొని, 1990 దశకంలో ప్రపంచమంతటా వ్యాపించినది. గులాబి పరిమళానికి గులాబి పువ్వు, చందనపు అత్తరుకు చందనపు చెక్క మూలపదార్థాలుగా ఉన్నాయి. సముద్ర పరిమళానికి అటువంటి మూలపదార్థం లేదు. సముద్రపు నీటిని బట్టీలో మరిగించి ఆవిరిని చల్లార్చితే లభించేది వాసన లేని మంచినీరే. కనుక ఈ వర్గానికి చెందిన ప్రతి పరిమళమూ ఒక ఊహాచిత్రం. సముద్రపు అసలు వాసనలో మనసుకు హాయి గొలిపే అంశాలను మాత్రమే ఏరి, తక్కినవాటిని వదిలిపెట్టి, తీరాన పెరిగే మూలికల సువాసనను జోడించి కూర్చినదే సముద్ర పరిమళం. దాని ఆకర్షణ ఎక్కడ నుండి వచ్చినదో తెలుసుకొనడానికి ముందుగా సముద్రపు నిజమైన వాసన ఏమిటో పరిశీలించాలి.

సముద్రపు నిజమైన వాసన

సముద్రపు వాసన ఉప్పు వాసన అని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఉప్పు ఆవిరి కాదు. ఆవిరి కాని పదార్థం ముక్కును చేరదు. ఒడ్డున నిలబడినప్పుడు పెదవులపై తగిలే ఉప్పదనం తుంపరలో ఉన్న ఉప్పు రుచి. అది నాలుకకు తెలిసేదే గాని ముక్కుకు తెలిసేది కాదు.

సముద్రపు వాసనలో ముఖ్యమైన భాగం డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువుది. ఒక గంధకపు పరమాణువుకు ఇరువైపులా రెండు మిథైల్ సమూహాలు చేరగా ఏర్పడిన చిన్న అణువు ఇది. సముద్రపు ఉపరితలంలో తేలియాడే వృక్ష ప్లవకాలు ఉప్పునీటి ఒత్తిడిని తట్టుకొనడానికి తమ కణాలలో ఒక గంధక సమ్మేళనాన్ని నిలువ చేసుకొంటాయి. అవి చనిపోయినప్పుడు, లేదా ఇతర జీవులు వాటిని తిన్నప్పుడు ఆ సమ్మేళనం నీటిలోకి వస్తుంది. బాక్టీరియా దానిని విడగొట్టగా డైమిథైల్ సల్ఫైడ్ వెలువడుతుంది. ఈ వాయువు సముద్రజలంలో విస్తారంగా ఉన్నదని జేమ్స్ లవ్‌లాక్, ఆయన సహచరులు 1972లో తెలియజేశారు. దీనిని తయారు చేయడానికి బాక్టీరియాకు తోడ్పడే ఒక జన్యువును ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ జాన్‌స్టన్ బృందం 2007లో గుర్తించింది. కొన్ని సముద్రపు పక్షులు ఈ వాసనను పట్టుకొని మేత ఉన్న చోటికి చేరుకొంటాయని గాబ్రియెల్ నెవిట్ 1995లో ప్రకటించిన పరిశోధన వెల్లడించినది. అతి స్వల్ప పరిమాణంలో ఇది సముద్రపు గాలిని గుర్తు చేస్తుంది. మోతాదు పెరిగితే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది.

రెండవ భాగం సముద్రపు నాచులది. గోధుమ రంగు నాచులలో ఆడ బీజకణాలు మగ బీజకణాలను ఆకర్షించడానికి కొన్ని సువాసన గల హైడ్రోకార్బన్లను నీటిలోకి విడుదల చేస్తాయి. వీటిలో ఎక్టోకార్పీన్ అనే పదార్థపు నిర్మాణాన్ని 1971లో జర్మనీ శాస్త్రవేత్తలు నిర్ణయించారు. మూడవ భాగం బ్రోమోఫినాల్‌లది. సముద్రపు చేపలకు, రొయ్యలకు ఉన్న ప్రత్యేకమైన రుచికి ఇవి కారణం.

వీటికి తోడు తెలుగువారు నీచు వాసన అని పిలిచేది ఒకటి ఉన్నది. సముద్రపు చేపల శరీరంలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చనిపోయిన తరువాత బాక్టీరియా దానిని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. నీచు వాసనకు ఇదే మూలం. ఇది క్షార గుణం కలది కనుక పులుపు తగిలినప్పుడు ఆవిరి కాని లవణంగా మారుతుంది. చేపల పులుసులో చింతపండు పులుసు పోయడం వలన నీచు తగ్గడానికి రసాయన కారణం ఇదే.

ఈ విధంగా చూస్తే సముద్రపు వాసనలో అధికభాగం జీవుల పుట్టుకకు, చావుకు, కుళ్ళడానికి సంబంధించినది. దానిని యథాతథంగా సీసాలో నింపితే ఒంటికి పూసుకొనేవారు అరుదు. ఫ్యూకస్ అనే నాచు నుండి తీసిన సారాన్ని పరిమళాలలో వాడడం ఉన్నది గాని, అతి తక్కువ మోతాదులోనే వాడుతారు.

ఓజోన్ గురించిన అపోహ

సముద్ర పరిమళాలను కొన్నిసార్లు ఓజోన్ పరిమళాలు అని కూడా పిలుస్తారు. ఈ పేరు వెనుక పాత నమ్మకం ఒకటి ఉన్నది. విద్యుత్తు వలన గాలిలో పుట్టే ఘాటైన వాసన గల వాయువుకు క్రిస్టియన్ షోన్‌బైన్ 1840లో ఓజోన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో వాసన వచ్చు అనే అర్థం గల ధాతువు నుండి ఈ పేరు వచ్చినది. సముద్రతీరంలో ఓజోన్ మెండుగా ఉంటుందని, దానిని పీల్చడం ఆరోగ్యమని 19వ శతాబ్దపు ఐరోపాలో చాలామంది నమ్మారు. తీరపు గాలి కోసం వెళ్ళడం వైద్యంలో భాగమైనది. నిజానికి వారు ఓజోన్ అనుకొని పీల్చినది నాచుల వాసనను, డైమిథైల్ సల్ఫైడ్‌ను. నేల మట్టంలో ఓజోన్ ఎక్కువైతే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నమ్మకం తప్పని తేలినా సముద్రపు గాలి అంటే శుభ్రత, ఆరోగ్యం, విశ్రాంతి అనే భావం మాత్రం నిలిచిపోయినది. సముద్ర పరిమళాలకు ఆ భావమే పునాది అయినది.

కెలోన్ ఆవిష్కరణ

సముద్ర పరిమళాల వర్గానికి ఆధారమైన రసాయనం కెలోన్. అమెరికాకు చెందిన ఫైజర్ ఔషధ సంస్థలోని రసాయన శాస్త్రవేత్తలు దీనిని 1966లో కనుగొన్నారు. పరిమళ ద్రవ్యాలలో వాడిన తొలి పేరు కెలోన్ 1951. ఆనాడు ఫైజర్ ఆధీనంలో ఉన్న, ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణానికి చెందిన కమీలి, ఆల్బేర్, లాలూ అనే సుగంధ సంస్థ పేరులోని తొలి అక్షరాలకు, కీటోన్ అనే మాటలోని చివరి భాగాన్ని చేర్చి ఈ పేరు కల్పించారు.

కెలోన్ అణువులో పది కార్బన్, పది హైడ్రోజన్, మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఒక బెంజీన్ వలయానికి ఏడు పరమాణువుల వలయం ఒకటి అతుక్కొని ఉంటుంది. దీని వాసనలో ఆల్చిప్పల తడిదనం, కోసిన పుచ్చకాయ చల్లదనం, లేత పూల ఛాయ కలిసి ఉంటాయి. అందువలన దీనికి పుచ్చకాయ కీటోన్ అని కూడా వ్యవహారనామం ఏర్పడినది. ఈ అణువు సముద్రపు నీటిలో సహజంగా లభించదు. దీనిని వాసన చూసినవారికి సముద్రం తలపునకు రావడం మాత్రం నిజం. గోధుమ రంగు నాచులు విడుదల చేసే పదార్థాలలో కొన్నింటికి కూడా ఏడు పరమాణువుల వలయం ఉండడం ఇక్కడ గమనించదగిన విషయం.

కనుగొన్న తరువాత దాదాపు రెండు దశాబ్దాల పాటు కెలోన్‌ను చిన్న మోతాదులలో తప్ప పెద్దగా వాడలేదు. దాని వాసన ఘాటు. ఇతర పదార్థాలను అణచివేసి పైకి వచ్చే స్వభావం దానిది. దానిని ప్రధాన స్వరంగా నిలిపి పరిమళాన్ని కూర్చడం 1980 దశకం చివర మాత్రమే మొదలైనది. అరామిస్ సంస్థ వారి న్యూ వెస్ట్ ఆ విధమైన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది.

ప్రసిద్ధమైన సముద్ర పరిమళాలు

1988లో దావిడాఫ్ సంస్థ విడుదల చేసిన కూల్ వాటర్ ఈ వర్గానికి జనాదరణ తెచ్చినది. దీనిని పియెర్ బూర్దోన్ రూపొందించాడు. పుదీనా, లావెండర్, రోజ్‌మేరీ, ధనియాలు పైన వినిపించగా, అడుగున దేవదారు జాతి చెక్క, చందనం, కస్తూరి ఛాయలు నిలుస్తాయి. దీనిలో చల్లదనాన్ని నడిపించేది ప్రధానంగా డైహైడ్రోమైర్సెనాల్ అనే రసాయనం. టర్పెంటైన్ నూనె నుండి లభించే పదార్థాలతో దీనిని తయారు చేస్తారు. నిమ్మ, లావెండర్, చల్లని లోహం కలిసినట్లు ఉండే దీని వాసన అంతకుముందు సబ్బులలో, బట్టల సబ్బు పొడులలో వాడుకలో ఉన్నది. దీనిని మోతాదు పెంచి మూలికలతో కలిపినప్పుడు, నీలిరంగు సీసాలో, చల్లని నీరు అనే అర్థం గల పేరుతో అందించినప్పుడు, వాడినవారికి సముద్రం స్ఫురించినది.

1992లో ఇస్సే మియాకే పేరిట వచ్చిన లో దిస్సేను జాక్ కవాలియే రూపొందించాడు. నీటి వంటి స్వచ్ఛత దీని లక్ష్యం. కెలోన్‌ను పూల సువాసనతో మేళవించి స్త్రీల పరిమళాలలో నీటి ఛాయకు ఇది స్థానం కల్పించినది. 1996లో జోర్జియో అర్మానీ పేరిట వచ్చిన పురుషుల పరిమళం ఆక్వా ది జియోను ఆల్బెర్తో మొరియాస్ రూపొందించాడు. సిసిలీకి, ట్యునీషియాకు మధ్య ఉన్న పాంతెల్లేరియా ద్వీపంలో అర్మానీ సెలవులు గడిపేవాడు. ఆ ద్వీపమే దీనికి ప్రేరణ. నిమ్మజాతి పండ్లు, సముద్రపు ఛాయ, రోజ్‌మేరీ, మల్లెజాతి పూలు దీనిలో కలిసి ఉంటాయి.

21వ శతాబ్దంలో ఈ వర్గం దిశ మార్చుకొన్నది. పుచ్చకాయ తీపిని తగ్గించి, ఉప్పదనాన్ని, నాచును, తడిసిన చెక్కను స్ఫురింపజేసే పరిమళాలు వచ్చాయి. 2008లో జేమ్స్ హీలీ పేరిట వచ్చిన సెల్ మరాన్, 2014లో జో మలోన్ సంస్థకు క్రిస్టీన్ నాజెల్ రూపొందించిన వుడ్ సేజ్ అండ్ సీ సాల్ట్ ఇందుకు ఉదాహరణలు. పేరులో ఉప్పు ఉన్నా వాసన గల ఉప్పు లేదని పైన చెప్పుకొన్నాము. ఇక్కడ ఉప్పదనం అన్నది ఖనిజాన్ని, పొడి చెక్కను తలపించే పదార్థాల కూర్పు మాత్రమే.

మూలికల పాత్ర

ఈ వర్గంలో బహుళ ప్రచారం పొందిన శాఖను మూలికా సముద్ర పరిమళాలు అనవచ్చును. పరిమళ వర్గీకరణలో అరోమాటిక్ అనే మాటను లావెండర్, రోజ్‌మేరీ, సేజ్, పుదీనా, తులసి జాతి వంటి ఆకుమూలికల వాసనకు వాడుతారు. 1882లో పాల్ పార్కే రూపొందించిన ఫూజేర్ రోయాల్ నుండి పురుషుల పరిమళాలలో లావెండర్ ప్రధాన స్థానంలో ఉన్నది. సముద్ర పరిమళం ఆ పాత చట్రంలోనే కొత్త చల్లదనాన్ని ఉంచినది. తెలిసిన వాసన తోడుగా ఉండడం వలన వాడుకరులు కొత్త వాసనను సులభంగా అంగీకరించారు.

ఈ కలయికకు భౌగోళిక కారణం కూడా ఉన్నది. మధ్యధరా సముద్రతీరపు ఎండ కొండలపై ఈ మూలికలు సహజంగా పెరుగుతాయి. అక్కడి తీరాన వీచే గాలిలో నాచు వాసనతో పాటు ఎండకు కాగిన ఆకుల నూనెలు కూడా ఉంటాయి. రోజ్‌మేరీ అనే పేరే లాటిన్ భాషలో సముద్రపు మంచు అనే అర్థం ఇచ్చే రెండు మాటల నుండి వచ్చినదని చెప్తారు. కావున మార్కెట్టులో సముద్ర పరిమళం అని అమ్ముడుపోయేది లోకంలోని అన్ని సముద్రాల వాసన కాదు. అది ప్రధానంగా మధ్యధరా తీరపు ఊహ. బంగాళాఖాతపు తీరాన కొబ్బరితోటల మధ్య, ఎండుచేపల పందిళ్ళ పక్కన పెరిగినవారికి సముద్రం అనగానే తలపునకు వచ్చే వాసన వేరు.

ఆకర్షణకు కారణాలు

1. నాడీ సంబంధమైన కారణం: వాసనను గుర్తించే గ్రాహకాలకు చెందిన జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ప్రకటించారు. వారికి 2004లో నోబెల్ బహుమతి లభించినది. మనిషిలో పనిచేసే ఇటువంటి గ్రాహకాలు సుమారు 400 రకాలు. వీటి నుండి బయలుదేరిన సంకేతం ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగాలను తక్కిన ఇంద్రియాల సంకేతాల కంటే దగ్గరి దారిలో చేరుతుంది. అందువలన వాసన పేరు స్ఫురించక ముందే దానికి సంబంధించిన అనుభూతి కలుగుతుంది.

2. చల్లదనం: పుదీనాలోని మెంథాల్ నిజంగా ఉష్ణోగ్రతను తగ్గించదు. చల్లదనాన్ని తెలిపే నాడీ గ్రాహకాన్ని అది ప్రేరేపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్‌ల బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. సముద్ర పరిమళాలలో పుదీనా, లావెండర్ వంటివి చేర్చడం వలన నీటి ఊహకు శారీరకమైన చల్లదనపు అనుభవం తోడవుతుంది.

3. పేరు, రంగు: రాచెల్ హెర్జ్, యూలియా ఫన్ క్లెఫ్ 2001లో ప్రకటించిన ప్రయోగంలో ఒకే వాసనకు రెండు వేర్వేరు పేర్లు చెప్పి వాసన చూపించారు. జున్ను అని చెప్పినప్పుడు బాగున్నదన్న వాసననే, వాంతి అని చెప్పినప్పుడు అసహ్యకరమన్నారు. అదే సంవత్సరం ఫ్రాన్సులో ప్రకటితమైన మరొక ప్రయోగంలో తెల్ల ద్రాక్షసారాయికి వాసన లేని ఎర్రరంగు కలిపి ఇవ్వగా, ద్రాక్షసారాయి శాస్త్ర విద్యార్థులు ఎర్ర ద్రాక్షసారాయికి వాడే మాటలతోనే దాని వాసనను వర్ణించారు. నీలి సీసా, అల బొమ్మ, నీటిని సూచించే పేరు సముద్ర పరిమళాన్ని అమ్మడానికి మాత్రమే గాక, దాని వాసనను మనం గ్రహించే తీరును కూడా మారుస్తాయని దీనిని బట్టి ఊహించవచ్చును.

4. కాలం: 1980 దశకంలో ఘాటైన, బరువైన పరిమళాలు రాజ్యమేలాయి. 1985లో వచ్చిన పాయిజన్ వీటిలో పేరెన్నిక గన్నది. ఆ తరువాతి దశాబ్దంలో తేలికదనం, శుభ్రత కోరుకొనే అభిరుచి పెరిగినది. పక్కవారికి ఇబ్బంది కలిగించకుండా, స్నానం చేసి వచ్చినట్లు అనిపించే పరిమళం కార్యాలయాలలో వాడడానికి అనువుగా కనిపించినది.

5. నేర్చుకొన్న ఇష్టం: వాసనల పట్ల ఇష్టాయిష్టాలలో ఎక్కువ భాగం అనుభవం వలన ఏర్పడుతాయని పలువురు మనస్తత్వ శాస్త్రవేత్తల అభిప్రాయం. వింటర్‌గ్రీన్ నూనె వాసనను అమెరికాలో మిఠాయి వాసనగా ఇష్టపడితే, దానిని నొప్పుల లేపనంగా ఎరిగిన బ్రిటన్‌లో ఇష్టపడలేదన్నది తరచు ఇచ్చే ఉదాహరణ. సముద్రతీరాన్ని సెలవుల చోటుగా ఎరిగినవారికి ఆ ఊహ హాయినిస్తుంది. సముద్రాన్ని పనిచోటుగా ఎరిగిన బెస్తవారికి అదే సముద్రపు వాసన వలకు, పడవకు, ఆనాటి వేటకు గుర్తు. తుఫానులో ఆప్తులను పోగొట్టుకొన్నవారికి అది భయానికి గుర్తు కావచ్చును. పరిమళం ఒకటే అయినా అది పలకరించే జ్ఞాపకాలు వేరు.

భారతీయ గంధ సంప్రదాయంలో సముద్రం

వాన పడిన నేల వాసనను పట్టుకొనే విద్య భారతదేశంలో ఉన్నది. ఉత్తర ప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిబిళ్ళలను రాగి డేగిశాలలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దింపి మట్టి అత్తరు తయారు చేస్తారు. మట్టిలో చేరిన తైలాలు, బాక్టీరియా తయారు చేసే జియోస్మిన్ వంటివి నిజంగా ఉన్నాయి గనుక తొలకరి వాసనను ఈ విధంగా దించడానికి వీలైనది. సముద్రానికి ఆ వీలు లేదు. అందువలన మన గంధ సంప్రదాయంలో సముద్రం పరిమళపు విషయంగా గాక, పరిమళ వస్తువులను ఇచ్చే చోటుగా, వాటిని మోసుకొని వచ్చే దారిగా కనిపిస్తుంది.

ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో గంధయుక్తి అనే అధ్యాయం ఉన్నది. పదహారు ద్రవ్యాల నుండి నాలుగేసి చొప్పున ఎన్నుకొనే విధానాలు 1820 అని ఆయన లెక్క చెప్పాడు. ఇది నేటి గణితంలోని సంయోగాల సూత్రానికి సరిపోతుంది. ఆ ద్రవ్యాలలో నఖం ఒకటి. సముద్రపు నత్తలు తమ గుల్లను మూసుకొనే గోరు వంటి మూతనే నఖం అని చెప్తారు. కాల్చినప్పుడు దాని నుండి పొగ వాసనతో కూడిన ఘాటైన గంధం వస్తుంది. ఈ గంధం నేటి సముద్ర పరిమళాలలోని చల్లదనానికి పూర్తిగా భిన్నమైనది.

తెలుగు తీరానికి సంబంధించి మోటుపల్లి శాసనం చెప్పుకోదగినది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో, 1244 ప్రాంతంలో, సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన ఈ శాసనంలో సుంకం విధించిన సరుకులలో చందనం, కర్పూరం, పన్నీరు కూడా ఉన్నాయి. తీరప్రాంతపు ఇసుక నేలలలో పెరిగే మొగలి కూడా ఈ సందర్భంలో స్మరించదగినది. ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి అత్తరుకు ప్రసిద్ధి. ఉత్తరాంధ్ర తీరానికి పొరుగున ఉన్న ఈ జిల్లాలోని మొగలి పరిమళాన్ని, సముద్రపు ఒడ్డున పుట్టిన సహజ పరిమళంగా చెప్పవచ్చును.

అంబరు

సముద్రం నుండి నేరుగా లభించే పరిమళ వస్తువులలో ప్రఖ్యాతమైనది అంబరు. దీనిని ఆంగ్లంలో ఆంబర్‌గ్రిస్ అంటారు. స్పెర్మ్ తిమింగలం పేగులలో, జీర్ణం కాని స్క్విడ్ ముక్కుల చుట్టూ ఇది ఏర్పడుతుంది. వార్తాపత్రికలలో తిమింగలం వాంతి అని వ్రాయడం వాడుకలో ఉన్నా, ఇది మలద్వారం గుండానే వెలువడుతుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. వెలువడినప్పుడు నల్లగా, దుర్గంధంతో ఉంటుంది. ఎండకు, ఉప్పునీటికి, గాలికి ఏళ్ళ తరబడి గురైన తరువాత బూడిదరంగుకు మారి, తీయని, వెచ్చని వాసనను సంతరించుకొంటుంది. రసశాస్త్ర గ్రంథాలలోని అగ్నిజారం ఇదేనని కొందరు పండితులు భావిస్తారు.

అంబరులో ప్రధాన పదార్థమైన ఆంబ్రీన్‌కు వాసన లేదు. అది ఆక్సిజన్‌తో చర్య పొంది విడిపోయినప్పుడు ఏర్పడే పదార్థాలే సువాసనకు కారణం. ఆంబ్రీన్ నిర్మాణం 1946లో తెలిసినది. 1950లో స్విట్జర్లండులోని ఫిర్మెనిక్ సంస్థలో మాక్స్ స్టోల్, హిండర్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఆంబ్రాక్స్ అనే పదార్థాన్ని తయారు చేశారు. క్లారీ సేజ్ అనే మూలికలోని స్క్లారియోల్ దీనికి ముడిసరుకు. నేటి సముద్ర పరిమళాలు అనేకం అడుగు స్వరంగా ఈ కోవకు చెందిన పదార్థాలనే వాడుతున్నాయి. తిమింగలం ఇచ్చే సువాసనను ఒక మొక్క నుండి పొందగలగడం పరిమళ రసాయన శాస్త్రం సాధించిన మేలులలో ఒకటి.

అంతర్జాతీయ తిమింగల సంఘం 1982లో తీసుకొన్న నిర్ణయం మేరకు 1986 నుండి వాణిజ్యపరమైన తిమింగల వేటపై నిషేధం అమలులోకి వచ్చినది. భారతదేశంలో స్పెర్మ్ తిమింగలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవి. దాని నుండి వచ్చిన అంబరును కలిగి ఉండడం, కొనడం, అమ్మడం శిక్షార్హమైన నేరాలు. తీరానికి కొట్టుకొని వచ్చిన ముద్దను కోట్ల విలువ గలదని నమ్మి దాచినవారు, అమ్మజూపినవారు అరెస్టయిన సంఘటనలు ఉన్నాయి. అటువంటి వస్తువు దొరికినప్పుడు అటవీశాఖ వారికి తెలియజేయడం ఉచితం.

విమర్శలు

సముద్ర పరిమళాలపై వచ్చిన ముఖ్యమైన విమర్శ ఏకరూపత. 1990 దశకంలో ఒకదానిని పోలిన మరొకటి వందలాదిగా రావడంతో, కెలోన్, డైహైడ్రోమైర్సెనాల్ వాసనలు గదులలో చల్లే ద్రవాలకు, నేల తుడిచే ద్రవాలకు, సబ్బులకు కూడా పాకాయి. ఒకప్పుడు విశాలమైన తీరాన్ని తలపించిన వాసన ఇప్పుడు కొందరికి స్నానాల గదిని తలపిస్తున్నది. ఇష్టం నేర్చుకొన్నదైతే విముఖత కూడా ఆ విధంగానే నేర్చుకొన్నదని దీనివలన తెలుస్తుంది.

రెండవ విమర్శ పర్యావరణానికి సంబంధించినది. పరిమళాలలో, సబ్బులలో వాడే కొన్ని కృత్రిమ కస్తూరి పదార్థాలు నీటిలో త్వరగా విచ్ఛిన్నం కావు. మురుగునీటి ద్వారా నదులను, సముద్రాన్ని చేరి, జలచరాల శరీరాలలో కూడా కనిపించినట్లు పరిశోధనలు తెలిపాయి. సముద్రం పేరుతో పూసుకొన్నది చివరకు సముద్రాన్నే చేరుతున్నదన్నమాట.

వాడకంలో జాగ్రత్తలు

లావెండర్, నిమ్మజాతి నూనెలలోని లినలూల్, లిమొనీన్ వంటి పదార్థాలు గాలి తగిలి మార్పు చెందినప్పుడు కొందరి చర్మానికి దద్దురు, దురద కలిగించవచ్చును. ఐరోపా సమాఖ్య 2003లో ఇటువంటి 26 పదార్థాల పేర్లను సీసాపై ముద్రించడం తప్పనిసరి చేసింది. 2023లో ఈ జాబితాను 80కి పైగా పెంచింది. కొత్త పరిమళాన్ని మొదట ముంజేతిపై కొద్దిగా రాసుకొని, ఒక రోజు గడిచిన తరువాత వాడడం మంచిది. ఉబ్బసం ఉన్నవారి సమీపంలో చల్లరాదు.

సీసాను ఎండ తగలని, చల్లని చోట మూత బిగించి ఉంచాలి. ఈ పరిమళాలలో పైస్వరాలైన నిమ్మ, పుదీనా మొదటి పావుగంట నుండి అరగంటలోగా తేలిపోతాయి. మూలికలు, పూలు తరువాతి గంటలలో తెలుస్తాయి. చెక్క, అంబరు, కస్తూరి ఛాయలు చివరి వరకు ఉంటాయి. వేడి ఎక్కువగా ఉండే చోట పైస్వరాలు మరింత త్వరగా ఆవిరవుతాయి. కాబట్టి దుకాణంలో చల్లిచూసిన తొలి క్షణపు చల్లదనాన్ని మాత్రమే నమ్మి కొనకుండా, రెండు మూడు గంటల తరువాత ఒంటిపై మిగిలిన వాసనను చూసి నిర్ణయించుకొనడం మేలు. రోజంతా వెంట ఉండేది ఆ మిగిలిన వాసనే.